వెళ్ళైయమ్మాళ్ గొణుగుడు

కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల షెడ్డులో అంగమ్మాళ్ చేయి మళ్ళీ ఆగిపోయింది.

ముందు పుల్లలున్నాయి, పక్కన ఖాళీ పెట్టెలున్నాయి. చూస్తూనే ఉంది, చేయి కదలదు.

మేస్త్రి తిరుపతిసామికి గొంతు పెద్దది, ఓపిక చిన్నది.

"నిద్రపోతా ఉండావా? రేపట్నించి ఇంట్లోనే పండుకో!"

ఆ పిల్లకు మనసు జబ్బు. మాత్రలతో నెమ్మదించి, ఈ పని దొరికాకే మళ్ళీ నవ్వుతోంది. ఇదీ పోతే ఇక ఇంటి మూలే గతి.

"చెయ్యి వొస్తాలేదు..." అంది ఏడుపు గొంతుతో.

"అయ్యో, మన తెలుగు పిల్లేనా!" అంటూ పక్కకు జరిగింది వెళ్ళైయమ్మాళ్. కొత్తగా చేరిన మనిషి. ఏ ఊరని కూడా ఎవరూ అడగలేదు.

"పెట్టెల పక్క చూడొద్దు పాపా. నా మాట విను. తియ్యి... నింపు... మూయి."

చేయి కదిలింది.

ఆ రోజు నుంచి పొద్దస్తమానం అదే గొణుగుడు. తియ్యి, నింపు, మూయి. ఇద్దరి ముందూ పెట్టెలు కుప్పలు పడ్డాయి. అంగమ్మాళ్‌కు ఆ అక్కంటే ప్రాణం.

మేస్త్రికి మాత్రం తలనొప్పి.

"పని చేసేదానికి వొచ్చినావా, వాగేదానికా? నోరు మూసుకో, లేకుంటే పో!"

"నోరు మూస్తే చెయ్యి నిలిచిపోతాది అన్నా."

"నాకే కతలు చెప్తావా? పో!"

ఆమె అంగమ్మాళ్ తల నిమిరి, టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది.

మూడు రోజులు అంగమ్మాళ్ ఒక్క పెట్టె నింపలేదు. మేస్త్రి అరుస్తాడే గానీ మనిషి మంచివాడే. నాలుగో రోజు తనే ఆ పిల్లనూ, తల్లి పాపమ్మాళ్‌నూ బస్సెక్కించి విరుదునగర్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు.

డాక్టరు అంతా విన్నాడు.

"ఈ జబ్బులో కొందరికి కంటి నుంచి చేతికి పోయే దారి తడబడుతుంది. అలాంటప్పుడు చెవి దారిన చెప్పి చూడాలి. నీకెవరు చెప్పారమ్మా?"

"వెళ్ళైయమ్మాళక్క."

డాక్టరు కలం కింద పెట్టాడు.

"నిన్ననే వచ్చింది. పని పోయిందట. వేరే ఊరి ఆస్పత్రిలో చూపించడానికి చీటీ రాయించుకుంది. ఏ ఊరంటే, పని దొరికిన ఊరని నవ్వి వెళ్ళిపోయింది."

మేస్త్రి తల గోక్కున్నాడు. "ఇన్ని తెలుసునే ఆమెకు! మీ దగ్గర నర్సుగా ఉండిందా అయ్యా?"

"నర్సు కాదు, పదిహేనేళ్ళుగా నా పేషెంటు, ఇదే జబ్బు, నోటితో చెప్పుకోకపోతే ఆమె చేయీ కదలదు."