వంపు గోడ

“ఆ గోడ మీద పడే మొదటి సుత్తి దెబ్బ నా మీదే పడాలి!” అంది ఆర్గన్ పిన్ని, గోడకి వీపు ఆనించి, చేతులు బార్లా చాపి.

కొత్త ఫాదర్ తల పట్టుకున్నాడు. ఈ చర్చికి వచ్చి ఏడాదైనా కాలేదు. మొదటిసారి ఒక పని నెత్తికెత్తుకుంటే, అడ్డం పడింది ఎవరయ్యా అంటే, ఊరంతా కళ్లకద్దుకునే పిన్ని!

పోనీ ఆయనేమైనా సరదాకి గోడ కొట్టిస్తున్నాడా? దర్జీ తాతకి పక్షవాతం వచ్చి చక్రాల కుర్చీకి అంటుకుపోయాడు. చర్చి గుమ్మానికేమో నిటారు మెట్లు. ఆదివారం పూట నలుగురూ కుర్చీ పట్టుకుని పైకెత్తుతుంటే, “నలుగురు మోసే రోజు అప్పుడే వచ్చిందట్రా?” అని నవ్వించేవాడు. ఉన్నట్టుండి రావడం మానేశాడు. ఫాదర్ ఇంటికి వెళ్లి అడిగితే, “సిగ్గుగా ఉంది ఫాదర్,” అని మొహం తిప్పుకున్నాడు. ‘మీ చక్రాల మీద మీరే లోపలికొచ్చే దారి చేయిస్తాను తాతా’ అని ఫాదర్ అక్కడికక్కడే మాటిచ్చేశాడు.

ఇంజినీరమ్మ టేపు చుట్టేస్తూ అంది.

“పిన్నిగారూ, ఈ ఒక్క గోడనీ ఆల్చిప్పలా ఎందుకు వంచారో నాకూ అంతుపట్టడం లేదు. పైకప్పు బరువంతా స్తంభాలే మోస్తున్నాయి. దీని మీద ఏమీ లేదు. ఆ చివర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం గది, ఈ చివర మీరు వాయించే ఆర్గన్. మధ్యలో అంతా ఖాళీయే. తలుపు పెట్టడానికి ఇంతకంటే మంచి చోటు ఎక్కడుంది?”

“ఓడ మునిగినా బతికి బయటపడ్డ కెప్టెన్ మొక్కుకుని కట్టించిన గోడమ్మా ఇది. అది తెరచాప వంపు!”

“మొన్న రాజుగారి చెల్లెలు కట్టించిందన్నారు?”

“ఆవిడ ఆ కెప్టెన్‌నే చేసుకుందిగా మరి!” అంది పిన్ని తడుముకోకుండా.

ఇంజినీరమ్మకి నవ్వాగలేదు. ఫాదర్ మాత్రం నవ్వలేకపోయాడు. పిన్ని మాట కాదనడానికి ఆయనకి నోరు రావడం లేదు. ఎవరింట్లో ఏ కుంపటి రాజుకుంటున్నా ఆవిడకి ఇట్టే తెలిసిపోతుంది. బేకరీ అన్నదమ్ములు లోలోపల కత్తులు నూరుకుంటున్నారని ఇరుగుపొరుగు పసిగట్టకముందే, ఇద్దర్నీ టీకి పిలిచి ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఇష్టం లేని పెళ్లి తప్పించుకోవడానికి పారిపోదామనుకున్న నర్సు పిల్ల మూట కట్టేలోపే, వాళ్లమ్మ దగ్గర వాలి ఆ సంబంధం వద్దని మాట్లాడేసింది. ఇవన్నీ ఎలా తెలుస్తాయి పిన్నీ అంటే, “దేవుడే చెవిన వేస్తాడు,” అంటుంది. ఒకరి మాట ఇంకొకరి దగ్గర ఎత్తిన పాపాన పోలేదు.

అంతెందుకు, ఫాదర్ సంగతే ఉంది. వచ్చిన కొత్తలో ఆయన ప్రసంగాలన్నీ పాత పుస్తకాల్లోంచి దించినవే. ఆ బెంగ ఈ చర్చి పెద్ద ఫాదర్ ఎదుట మోకరించి దేవుడికి చెప్పుకున్నాడు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. మర్నాడే పిన్ని ఫ్లాస్కు నిండా టీ పట్టుకొచ్చి, “అంత పెద్ద పెద్ద మాటలెందుకు ఫాదర్? మీ అమ్మగారితో మాట్లాడినట్టు మాట్లాడండి,” అంది. ఆ ఆదివారం చర్చిలో ఒక్కరూ కునుకు తీయలేదు. అలాంటి మనిషి మనసు ఎలా కష్టపెట్టడం?

“అయితే దర్జీ తాత రాకపోయినా ఫర్వాలేదంటారా పిన్నిగారూ?” అన్నాడు చివరికి.

పిన్ని చేతులు కిందికి దిగిపోయాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఆయన రావాలి ఫాదర్. ఈ గోడా ఉండాలి. నాకు రెండూ కావాలి,” అంది చిన్నపిల్లలా.

ఇంజినీరమ్మకి జాలేసింది. ఏమైనా దారి దొరుకుతుందేమోనని ఎదురు గోడ పొడుగునా తట్టుకుంటూ వెళ్లింది. ఒకచోట ఆగి మళ్లీ తట్టింది. సున్నం గోకింది. పెచ్చు రాలి, లోపల ఇటుకల కమాను అంచు బయటపడింది.

“ఫాదర్, ఇటు రండి! ఇక్కడ పూర్వం పెద్ద తలుపే ఉండేది. ఎవరో ఇటుకలు పేర్చి మూసేశారు. అవతల తోట. నేల ఈ గడప ఎత్తులోనే ఉంది, మెట్లతో పనే లేదు!”

“చూశారా? కెప్టెన్ ఇటునుంచే వచ్చేవాడు!” అంది పిన్ని, కళ్లు తుడుచుకుంటూనే.

మూసిన తలుపు తెరుచుకుంది. దర్జీ తాత తన చక్రాలు తనే తిప్పుకుంటూ బలిపీఠం దాకా వెళ్లి, “ఇక ఆ నలుగురూ వేరే పని చూసుకోండర్రా!” అన్నాడు. చర్చంతా నవ్వింది.

వంపు గోడ జోలికి ఇకముందు ఎవరూ రాకుండా ఫాదర్ బిషప్‌గారికి రాశాడు. శనివారం సాయంత్రం అనుమతి రాగానే, ఆ కబురు చెబుదామని ఆర్గన్ దగ్గరికి దాదాపు పరిగెత్తాడు. పెద్ద ఫాదర్ పాపసంకీర్తనాలు వినే శనివారాల్లో పిన్ని కదలకుండా అక్కడే కూర్చుని మీటలు తుడుస్తూ ఉంటుంది. ఇవాళ పీట ఖాళీగా ఉంది. తుడిచే గుడ్డ మీటల మీదే ఉంది.

వస్తుందిలే అనుకుని ఫాదర్ ఆ పీట మీద కూర్చుని, గోడకి చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు. చాలా రోజులకి మనసు తేలికపడింది.

“ఫాదర్, నన్ను ఆశీర్వదించండి,” అంది పిన్ని గుసగుసగా, సరిగ్గా చెవి పక్కనే.

“రండి పిన్నిగారూ, మంచి కబురు!” అంటూ ఫాదర్ లేచి చుట్టూ చూశాడు.

పక్కన ఎవరూ లేరు. గోడ ఆ చివర, పాపసంకీర్తనం గది తెర కింద, పిన్ని చెప్పులు కనిపిస్తున్నాయి.

“ఈ వారం కూడా అందరి పాపాలూ విన్నాను ఫాదర్,” అంది గోడ.