ఇద్దరు సార్లు, ఒక్క ఆంటెన్నా

"ముందు నేనే మాట్లాడ్త," అన్నాడు రెవెన్యూ సారు రాఘవేందర్.

"మీరెట్ల మాట్లాడ్తరు? హెలికాప్టర్ కావాలని రాసి పంపింది మేము," అన్నాడు పోలీసు సారు సుదర్శన్.

కృష్ణ ఒడ్డున చెలకలో వేసిన బల్ల మీద, విమానాలతో మాట్లాడే రేడియోలు రెండున్నాయి. చెరొక ఆఫీసు చెరొకటి తెచ్చింది. ఆంటెన్నా మాత్రం ఎవరూ తేలేదు. వాళ్ళు తెస్తారని వీళ్ళు, వీళ్ళు తెస్తారని వాళ్ళు ఊరుకున్నారు. చివరికి వైర్‌లెస్ పని చూసే ఆఫియా తన జీపులోంచి ఒకటి దించి, వెదురుబొంగుకు కట్టి నిలబెట్టింది.

తొందరంతా ఆమెదే. పైన డ్యాం గేట్లు ఎత్తారని తెలిసి, ఏట్లో పెట్టిన మోటరు తెచ్చుకుందామని తెల్లారి దిగిన హైదర్ ఆమె తండ్రి. మోటరు కొట్టుకుపోయింది. మనిషి బండ మీద చిక్కుకున్నాడు. ఏటి మలుపు అవతల, తుమ్మచెట్ల చాటున మూడు బండలున్నాయి. ఆయన ఉన్నది మూడో దాని మీద. నీళ్ళు గంటకో మూర లేస్తున్నాయి.

"సార్, ఒక్క ఆంటెన్నాకే రెండూ కలిపిన," అంది ఆఫియా, మధ్యలో ఉన్న చిన్న డబ్బా చూపిస్తూ. "ఒకరు బటన్ నొక్కితే రెండోది దానంతటదే బందయితది. విడిస్తెనే ఇద్దరికీ వినిపిస్తది. జర ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుండ్రి."

ఇద్దరి తలకూ ఎక్కింది ఒక్కటే. నొక్కితే అవతలివాడు మూగబోతాడు.

అంతలో పైలెట్ గొంతు వచ్చింది. మనిషి ఏ బండ మీద ఉన్నాడని హిందీలో అడిగాడు.

టీవీ కెమెరా ఇటు తిరిగింది. రాఘవేందర్ బటన్ నొక్కాడు. "నమస్కారం. తెల్లారినుంచి నా ఆధ్వర్యంలో..."

ఆయన ఊపిరి తీసుకునే సందులో సుదర్శన్ నొక్కేశాడు. "మా సిబ్బంది ప్రాణాలకు తెగించి..."

"సార్, మూడో బండ అని చెప్పుండ్రి," అంది ఆఫియా.

"జర ఆగమ్మా. ఏదైనా పద్ధతి ప్రకారం పోవాలె," అన్నాడు రాఘవేందర్.

"ఆ పద్ధతి ప్రకారం మైకు మాది," అన్నాడు సుదర్శన్.

"టోపీ పెట్టుకున్నోడల్ల నవాబైతడా?"

ఆ మాట కూడా హెలికాప్టర్‌కు చేరింది.

పైన చప్పుడు దగ్గరైంది, మళ్ళీ దూరమైంది. పైలెట్ ఏం అడుగుతున్నాడో ఎవరికీ తెలియదు. వినాలంటే ఇద్దరూ వేళ్ళు తీయాలి.

"సార్, మా అబ్బ ఉన్నడక్కడ!"

"అందుకేనమ్మా ఇంత కష్టపడుతున్నం," అన్నాడు రాఘవేందర్, కెమెరా వైపు చూస్తూ.

ఆఫియా వంగి, డబ్బాకు బిగించిన ఆంటెన్నా తీగ విప్పేసింది. ఆంటెన్నా లేకుండా నొక్కితే రేడియోలు కాలిపోతాయని ఆమెకు తెలుసు. కాలనీ అనుకుంది. జీపు చాటుకు పోయి, ఆ తీగను తన చేతి రేడియోకు తగిలించింది. దానికుండే వేలెడంత ఆంటెన్నాతో మాట మలుపు దాటదు.

"మూడో బండ, సాబ్. తుమ్మచెట్ల వెనక. పచ్చలుంగీ కట్టుకున్నడు," అని హిందీలో చెప్పింది.

"ఇంతసేపటికి ఒక పనికొచ్చే మాట విన్నా," అన్నాడు పైలెట్.

బల్ల దగ్గర ఉపన్యాసాలు ఆగలేదు. నొక్కినప్పుడల్లా ఎర్ర లైటు వెలుగుతోంది. సార్లకు అది చాలు. రాఘవేందర్ మూడు శాఖలకు ధన్యవాదాలు చెప్పాడు. సుదర్శన్ నాలుగింటికి చెప్పాడు.

పావుగంట గడిచింది. తుమ్మచెట్ల మీదుగా హెలికాప్టర్ పైకి లేచింది.

అది చూడగానే సార్లిద్దరూ మైకులు పారేసి చెలక నడిమికి ఉరికారు. ఒకరిని నెట్టుకుంటూ ఒకరు, రెండు చేతులూ ఎత్తి ఊపుతూ, గొంతు చించుకున్నారు.

చేతి రేడియో గరగరలాడింది. అందులోంచి తండ్రి గొంతు వినిపించింది.

"బేటీ, నేను మంచిగున్న. పైలెట్ సాబ్ నిన్నొకటి అడగమంటుండు. కింద ఇద్దరు చేతులూపుకుంట ఒర్లుతున్నరు గద, వాళ్ళను గూడ కాపాడాల్నా అని."