నెలన్నరే కదా!

సెలూన్ అద్దం ముందు నిలబడి బార్బర్ నోరు బార్లా తెరిచాడు. పది లెక్కపెట్టి మూశాడు. మళ్లీ తెరిచాడు. కుర్చీలో సగం గడ్డంతో కూర్చున్న కస్టమర్ బిత్తరపోయాడు.

“ఏమైంది మాస్టారూ?”

“ఏం లేదండీ. రోజుకి మూడుసార్లు ఇలా తెరవాలట. కాగితంలో రాశారు.”

కాగితం అంటే రేడియేషన్ విభాగం వాళ్లు ఇచ్చినది. మెడకి ముప్పై మూడు సిట్టింగులు. అవి పూర్తయ్యేదాకా ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో రెండు వైపులా అచ్చు వేసి మరీ ఇచ్చారు. మెడకి బ్లేడు తగలకూడదు. సెంటు వద్దు, పౌడరు వద్దు, లోషన్ వద్దు, వాసన సబ్బు వద్దు. ఆ వద్దన్న సరుకంతా అతని షాపు అలమారాలోనే ఉంది, ఏం చేస్తాడు పాపం! దాన్ని ఊరందరి మొహాలకీ పూసి, తను మాత్రం గోరువెచ్చని నీళ్లతో మెడ తడుపుకుని మెత్తటి గుడ్డతో అద్దుకోవాలి. కాలరు లేని వదులు చొక్కా వేసుకోవాలి. తిన్నప్పుడల్లా ఉప్పూ వంటసోడా కలిపిన నీళ్లు పుక్కిలించాలి. కారం లేదు. సిగరెట్ లేదు. పొగలు కక్కే టీ అసలే లేదు.

తప్పంతా అతని నోటిదే. మొదటి రోజు డాక్టర్ గదిలో ఆ కాగితం చూసి, “ఇంతేనా సార్? నెలన్నరే కదా, ఓర్చుకోలేమా ఏంటి!” అనేశాడు. పక్కనున్న భార్య కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. వరండాలోకి రాగానే నిలదీసింది.

“ఓర్చుకుంటావుగా? సరే. ఇందులో ఏ ఒక్కటి తప్పావో, ఆ రోజు హాస్పిటల్ లేదు, ఏమీ లేదు. చెబుతున్నా.”

“అలాగేలేవే,” అన్నాడు. ఉత్త బెదిరింపు అనుకున్నాడు.

కాదు. మూడో వారంలో ఒకరోజు షాపు పక్కన ఒక్క గుక్క వేడి టీ తాగాడు. నాలుక చుర్రుమంది. ఇంటికెళ్లి భోజనానికి కూర్చుంటే, మొహం చూసే కనిపెట్టేసింది ఆవిడ. హాస్పిటల్‌కి తీసుకెళ్లే ఆటో వచ్చి గుమ్మం ముందు హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయింది. ఆవిడ మంచం దిగలేదు. అతను బతిమాలాడు. తిట్టాడు. చివరికి కాళ్లు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఉహూ! ఒక సిట్టింగ్ గంగలో కలిసింది. మర్నాడు డాక్టర్ చేత ఇద్దరూ చీవాట్లు తిన్నారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా ఇదేం పంతం అని అతనికి ఒళ్లు మండిపోయింది.

మండితే మాత్రం ఏం చేస్తాడు? ఆ రోజు నుంచి పులిలాంటి మనిషి పిల్లిలా అయిపోయాడు. ఇల్లు జైలు. షాపు అంతకన్నా పెద్ద జైలు. ఇంట్లో రెండు వంటల్లేవు, ఇద్దరికీ అదే చప్పిడి తిండి. మొదట్లో గొంతు చించుకుని అరిచే ఆవిడ ఈమధ్య మాట్లాడటమే తగ్గించేసింది. అతను ఏదైనా మరిచిపోతే చెంచాతో గ్లాసు మీద టంగుమని కొడుతుంది. అతను ఉలిక్కిపడి పుక్కిలించడానికి పరుగెత్తుతాడు.

అన్నిటికన్నా హాస్పిటల్‌లో ఆ పావుగంట నరకం. బరువైన తలుపు మూసుకుంటుంది. ఎర్ర లైటు వెలుగుతుంది. ఇక కదలకూడదు. అతను వేలైనా కదిపేవాడు కాదు. ఊపిరి కూడా భయం భయంగా తీసేవాడు. లైటు ఆరేదాకా ప్రాణం అరచేతిలో ఉండేది.

ఇవాళ ఇరవై రెండో సిట్టింగ్. కస్టమర్ వెళ్లగానే పక్క కుర్చీ బార్బర్ మొదలెట్టాడు.

“అన్నా, అద్దంలో చూసుకున్నావా? నీ అవతారం చూసి గిరాకీ పారిపోతోంది. కూర్చో, గడ్డం కింద నాలుగు గీతలు గీసేస్తా. వదినకేం కనపడుతుంది?”

నాలుగు వారాల గడ్డం. మెడంతా ఒకటే దురద. కూర్చున్నాడు. నురగ చల్లగా తగిలేసరికి ప్రాణం లేచొచ్చింది. బ్లేడు మెడ దగ్గరికి వచ్చింది. దిగ్గున లేచి నిలబడ్డాడు.

“వద్దురా బాబూ! ఇంకో సిట్టింగ్ పోతే నేను బతకలేను.”

గబగబా నురగ తుడుచుకుని ఇంటికి పరుగెత్తాడు.

ఆటోలో భార్య అతని గడ్డం పట్టుకుని పైకెత్తింది. చెవి కింద నురగ చుక్క మిగిలిపోయింది. వేలితో తీసి వాసన చూసింది. అతనికి పై ప్రాణాలు పైనే పోయాయి.

“నురగే రాయించుకున్నా. గీయించుకోలేదు. నీ మీద ఒట్టు!”

ఆటో వెనక్కి తిప్పమంటుందేమోనని అతను దేవుళ్లందరినీ తలుచుకున్నాడు. రెండు సిగ్నళ్లు దాటాక ఆవిడ అతని చెవి దగ్గరికి వంగింది. మాట గుసగుసలా వచ్చింది.

“దురదా?”

“చచ్చేంత.”

“తెలుసు,” అంది. అతని చేతి మీద చెయ్యి వేసింది.

ఆటో హాస్పిటల్ ముందే ఆగింది. ఇద్దరూ ఆ బరువైన తలుపు ఎదుట కుర్చీల్లో కూర్చున్నారు.

నర్సు తలుపు తీసి, “రండమ్మా, ఇవాళ మీకు ఇరవై రెండో సిట్టింగ్, మెడకి మాస్కు బిగిద్దాం,” అంటూ ఆవిడని లోపలికి తీసుకెళ్లి, అతన్ని రోజూలాగే బయట కూర్చోమంది.