నీలి అంకెలు

“ఇంకాస్త ఒత్తి రాయాల్సింది మామయ్యా. సగం అంకెలు పొగలా ఉన్నాయి,” అంది కోడలు, కోర్టు వరండాలో పుస్తకం తిరగేస్తూ. వాడ తరఫు లాయరు ఆమే.

మామగారు నడిమి వేలి కణుపు చూపించారు. ముప్పై ఏళ్ళు కలం ఒత్తిన గుంట ఇంకా అలాగే ఉంది. రోజూ రెండు పూటలా సముద్రమట్టం కొలిచి రాసిన రేవు గుమాస్తా ఆయన.

సముద్రం ఒడ్డున ఆ వాడలో తొంభై ఇళ్ళు. పోటు నీరిప్పుడు వంటగదుల దాకా వస్తోంది. అదే రేవులో బొగ్గు దింపుకుని కాల్చే విద్యుత్ కంపెనీ అడ్డుగోడ కట్టించాలని దావా. సముద్రం పెరుగుతోందని తమకు మొన్నటిదాకా తెలియనే తెలియదని కంపెనీ జవాబు. తెలుసని రుజువైతే గోడ లేస్తుంది. కాకపోతే వాడ లేచిపోతుంది.

“వాళ్ళ లాయరు అసలు ప్రతుల సంగతి ఎత్తితే?”

“ఎత్తనీ అమ్మా. మనంతట మనం చెబితే ముసలాడి గొప్పలంటారు.”

కంపెనీ లాయరు మర్యాదస్తుడు. బోనెక్కిన మామగారిని వయసడిగాడు, చూపడిగాడు, ఏ రోజైనా మానేశారా అనడిగాడు. పెళ్ళిరోజు సాయంత్రం కూడా రేవుకి వెళ్ళొచ్చాననీ, సముద్రం తన సవతని భార్య పోయేదాకా దెప్పిందనీ ముసలాయన చెప్పారు. జడ్జిగారు నవ్వాపుకున్నారు.

లాయరు ఒక పుటను కిటికీ వెలుతురుకు పట్టాడు.

“ఇది కార్బన్ కాగితం కింద పడిన నకలు. అవునా?”

“అవునండి.”

“అన్నీ అంతేనా?”

“అన్నీ.”

కోడలు తల ఎత్తలేదు. ప్రతి నెలాఖరునా ఒక్కో సంతకం తప్ప పుస్తకం మొత్తంలో సిరా చుక్క లేదని లాయరు జడ్జిగారికి చూపించాడు. ఇలాంటి నకళ్ళు ఇంట్లో కూర్చుని ఎవరైనా తయారు చేయవచ్చన్నాడు. అక్కడితో కూర్చుంటే సరిపోయేది. గెలుపు రుచి మరిగినవాడికి కుర్చీ గుర్తుండదు.

“అసలు ప్రతులు ఉన్నాయని చూపించమనండి. ప్రతి అంకెనూ మా కంపెనీ ఒప్పుకుంటుంది.”

జడ్జిగారు ఆ మాటను రికార్డులో రాయించారు. అసలు ప్రతులు ఏమయ్యాయో నీళ్ళు నమలకుండా చెప్పమని సాక్షిని అడిగారు.

ముసలాయన కంపెనీ లాయరు వైపు తిరిగారు.

“ఆ సంతకం పెట్టి మీ కంపెనీవాళ్ళే నెలనెలా తీసుకెళ్ళారండి.”