కానుగ చెట్టు మీద దగ్గు

ఫ్యాక్టరీ పొగగొట్టం పక్కనే ఉన్న కానుగ చెట్టు మీద ఒక గోరింక పిల్ల దగ్గీ దగ్గీ మెడ వాల్చేసింది. తల్లి గోరింకకు కంటి మీద కునుకు లేదు.

"తడి రెక్కలతో పొదిగావు, పిల్లకి జలుబు పట్టింది," అంది అత్త.

"మేత పేరుతో ఊరంతా తిరిగేదానికి పిల్ల మీద ధ్యాసెక్కడిది?" అన్నాడు మొగుడు, ఆ మేతే తిని ఈకలు దువ్వుకుంటూ.

అత్త అంతటితో ఊరుకోలేదు. దిష్టి తగిలిందని నిప్పుకణిక తెచ్చి, ఎండుమిరపకాయలు వేసి గూటి కింద పొగ పెట్టింది. పిల్లకు ఊపిరి ఆగినంత పనైంది. తల్లి ఆ నిప్పును ఒక్క తోపు తోసి కింద పడేసింది.

"తల్లివేనా నువ్వు? నీకు పెంచడం చేతకాదు, తెలిసినవాళ్లని చెయ్యనివ్వవు!" అంది అత్త.

తల్లి పిల్లను రెక్క కిందికి తీసుకుని చెవులు రిక్కించింది. కింది కొమ్మ మీద పిచ్చుక పిల్ల దగ్గుతోంది. పై కొమ్మ మీద కాకి పిల్ల దగ్గుతోంది. ప్రతి గూట్లోనూ ఒక తల్లి తిట్లు తింటోంది.

"అత్తా," అంది నీరసంగా, "ఈ చెట్టు మీది తల్లులందరం ఒక్కసారే పిల్లల్ని పెంచడం మర్చిపోయామంటావా?"

అత్త గట్టి జవాబే చెప్పబోయింది గాని, ఫ్యాక్టరీ పొగ కమ్మి దగ్గు తెర అడ్డొచ్చింది.