తప్పు లెక్కలు తినే మేకపోతు

“కొండను కుడిచేతి పక్కన పెట్టుకొని పోండి. చింతతోపు దాటితే పశువుల కొట్టం కనపడతాది. అదే బడి,” ఉప్పు కొలుస్తూనే చెప్పాడు కొండలయ్య శెట్టి. “చేతికర్ర బయటే పెట్టాల. చేతులు కడుక్కొని లోపలికి పోవాల. మేకకు ఏమీ పెట్టగూడదు. ఇవన్నీ పంతులు పెట్టిన షరతులు.”

చేజర్ల నుంచి వచ్చిన ముగ్గురూ బుద్ధిగా తలూపారు.

“తప్పు లెక్క రాసిన ఆకునే తింటాదంట గదా శెట్టిగారూ! నిజమేనా?”

“చూసినోళ్లు చెప్పాల. నేను ఉప్పు అమ్ముకొనేవాణ్ణి. మీకెంత కొలవమంటారు?”

ఇద్దరు కొన్నారు. ముగ్గురు వస్తే ఇద్దరు కొంటారని శెట్టికి ఎప్పుడో లెక్క తేలింది. ఉదయగిరి దోవ మలుపులో ఆ కొట్టు పెట్టి ఇరవయ్యేళ్లయింది. ఇంత గిరాకీ ఏనాడూ చూడలేదు. ఆత్మకూరు నుంచి నెలకొక బండి ఉప్పు వచ్చేది, ఇప్పుడు రెండు బండ్లు దిగుతున్నాయి.

ధాత సంవత్సరం కరువులో గంజి కోసం వచ్చిన పిల్లల్ని కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాడు మిషను పంతులు సామ్యేలు. కరువు పోయింది గాని బడి పోలేదు. తమ గంజిలోంచి తలా ఒక గుక్క పోసి ఆ పిల్లలు బతికించుకొన్న మేకపిల్ల ఇప్పుడు గడ్డం పెంచిన పోతయింది. పేరు సొలొమోను. లెక్క రాసిన తాటాకు ముందు పెడితే, ఒప్పయితే వాసన చూసి వదిలేస్తుంది. తప్పయితే నమిలేస్తుంది. నమిలితే ఆకు మళ్లీ మొదటినుంచి రాయాలి. ఆ భయానికి పిల్లలకు ఎక్కాలు నోటికొచ్చేశాయి.

చేజర్లవాళ్లు కదలగానే సామ్యేలు వచ్చాడు.

“రెండు మానికలు పొయ్యండి శెట్టిగారూ.”

“పెళ్లాం లేదు, పిల్లలు లేరు. వారం వారం ఇంత ఉప్పు ఏం చేసుకొంటావయ్యా?”

“ఊరగాయలు పెడతానండీ,” అని పంతులు గబగబా మాట మార్చాడు. “జనార్దనయ్యగారు కొట్టం ఖాళీ చెయ్యమంటా ఉండారు. మేకది వేషమంట.”

పేరు తలచుకోగానే ఆ జనార్దనయ్యే వచ్చి నిలబడ్డాడు. కొట్టం ఆయనది. కరువు నాళ్లలో పశువులు పోయి ఖాళీగా పడివుంటే బడికిచ్చాడు. ఇప్పుడు ఎడ్లు కొన్నాడు.

“శెట్టీ, ఈ చుట్టుపక్కల నిన్ను మోసం చేసినోడు ఇంకా పుట్టలేదు. నువ్వే పరీక్ష పెట్టు. మేక ఓడిందా, నా కొట్టం నాకు, మేక నా ఇంటి కుండలోకి.”

“గెలిస్తే?” అడిగాడు శెట్టి.

“గెలిచేదానికి అదేమన్నా మనిషా! గెలిస్తే కొట్టం బడికే వదిలేస్తా. పైకప్పు కూడా కొత్తగా నేనే వేయిస్తా, పో.”

శెట్టి మానిక పక్కన పెట్టాడు. “సరే. ఆకులు నేనే రాసుకొస్తా. ఒకటి ఒప్పు, ఒకటి తప్పు. పంతులు వాటిని ముట్టగూడదు. పదడుగుల అవతల చేతులు కట్టుకొని నిలబడాల.”

సామ్యేలు ముఖం పాలిపోయింది.

“ఏం పంతులూ, భయమా?” అన్నాడు జనార్దనయ్య.

“భయమెందుకండీ,” అంటూ సామ్యేలు ఉప్పు సంచి అందుకొన్నాడు.

శనివారం పొద్దున కొట్టం ముందర జనం. కొండాపురం నుంచి కూడా వచ్చారు. ఎనిమిదేళ్ల హన్నమ్మ సొలొమోను మెడ కావలించుకొని వదలడం లేదు.

“తాతా, మా సొలొమోనుకు సులువు లెక్క పెట్టు!”

“పరీక్షంటే పరీక్షే. పక్కకు పోవే!” అని కసిరి, శెట్టి బడి షరతు ప్రకారం రెండుమార్లు చేతులు కడుక్కొన్నాడు. తలపాగాలోంచి ఒక ఆకు, రొంటినుంచి ఒక ఆకు తీసి జనార్దనయ్యకు చూపించాడు. ‘ఏడేడ్లు నలభై తొమ్మిది’ అని ఒకటి. ‘తొమ్మిదార్లు యాభై ఆరు’ అని ఇంకొకటి. రెండూ ఒకే చెట్టు ఆకులు, ఒకే కొలత, ఒకే గంటంతో రాసినవి. జనార్దనయ్య మీసం దువ్వుకొన్నాడు. శెట్టి వాటిని బండ మీద మూరెడు ఎడంగా పెట్టాడు.

సామ్యేలు కళ్లు మూసుకొన్నాడు. పెదవులు కదులుతున్నాయి.

సొలొమోను తాపీగా నడిచొచ్చింది. మొదటి ఆకును వాసన చూసింది. తల తిప్పుకొంది. రెండో ఆకును వాసన చూసింది. మళ్లీ చూసింది. కరకరమని నమలసాగింది.

“మిగిలిందేంది? చదవండి!” అని జనం.

జనార్దనయ్య నసుగుతూ చదివాడు. “ఏడేడ్లు... నలభై తొమ్మిది.”

పిల్లల కేకలకు చింతతోపులో కాకులు లేచిపోయాయి. “శెట్టికే బుద్ధి చెప్పిందిరా మేక!” అని ఎవరో నవ్వారు. శెట్టి ముఖం మాడ్చుకొని, ఎవరి పలకరింపూ పట్టించుకోకుండా కొట్టుదారి పట్టాడు. జనార్దనయ్య మరునాడే బడి కప్పుకు తాటికమ్మలు కొట్టించాల్సి వచ్చింది.

పరీక్ష జరిగిన ఆ శనివారం శెట్టి కొట్టు ముందు జనం పలచబడేసరికి మధ్యాహ్నమయింది. మూడు బస్తాలు ఖాళీ. సామ్యేలు వచ్చి ఒక మూల నిలబడ్డాడు. అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయినవాడు అతడే.

“శెట్టిగారూ, నేను ఆ ఆకు ముట్టనే లేదు. మరి సొలొమోనుకు ఎట్టా తెలిసిందంటారు?”

శెట్టి అటూ ఇటూ చూశాడు. అడక్కుండానే రెండు మానికలు కొలిచి అతడి సంచిలో పోశాడు. గొంతు తగ్గించాడు.

“ఈ మాటు ఉప్పు నేను రుద్దినా.”