మా కాలేజీ

కుర్చీ మీద తడి తువాలు ఎవరు వేశారన్న తగవు కంచాల దాకా వచ్చింది.

"తువాలు సంగతి తర్వాత," అన్నాడు దాన్ని వేసిన తండ్రి. "కాలేజీ మారడానికి పెద్ద యూనివర్సిటీలు రెండూ సీటిచ్చాయి. రేపటికల్లా చెప్పాలి. ఏదమ్మా?"

"మా కాలేజీ హాస్టల్లో తువాళ్ళకి తీగ కట్టుకున్నాం నాన్నా," అంది కూతురు.

తల్లి చేతిలో గరిటె ఆగింది.

"వెళ్ళిపోయేదానివి, ఇంకా 'మా' ఏమిటే?"

కూతురు కంచం దగ్గరికి లాక్కుంది.

"ఈ ఇంటిని 'మా ఇల్లు' అనడానికి నాకెన్నేళ్ళు పట్టిందో మీకు తెలుసుగా," అంది తల్లి భర్తతో. "ఇది ఏడాదికే అనేసింది."

"యూనివర్సిటీకి వెళ్తోందని అందరికీ చెప్పేశానే!" అన్నాడు తండ్రి.

"నేను మారను నాన్నా," అంది కూతురు.

తండ్రి కుర్చీ వైపు చూశాడు. "మరి ఈ తువాలు?"

"మారాల్సింది అదొక్కటే," అంది తల్లి, కూర వడ్డిస్తూ.